మందుల షాపు వెనక పెరట్లో పెస్టో

పెస్టో అనే ఇటలీ పచ్చడికి బేసిల్ ఆకు కావాలి, అది తులసికి దగ్గరి చుట్టం. ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడి బజారులో ఆ ఆకు దొరకదు. అడిగితే తులసి కట్ట చేతిలో పెడతారు, అదీ పూజకి. పెద్ద ఊళ్లలో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అమ్ముతారు. భువనేశ్వర్‌లో చదువుతున్న మా అమ్మాయి ఓసారి సూపర్ మార్కెట్‌కి తీసుకెళ్లి చూపించింది. అంచులు నల్లబడ్డ నాలుగు రెమ్మలు, వాటి మీద వేసిన ధర చూసి డబ్బా మళ్లీ అక్కడే పెట్టేశాను. ఆ ఆకు కొనుక్కుని పెస్టో చేసుకునే నగరం వాళ్ల కన్నా, గింజ వేసి పెరట్లో పెంచుకునే మాలాంటి చిన్న ఊరివాళ్లకే మంచి పెస్టో దొరుకుతుందని నా గట్టి నమ్మకం.

నాది మందుల షాపు. ముందు షాపు, వెనక ఇల్లు, ఇంకా వెనక పెరడు. ఇన్సులిన్ థర్మోకోల్ పెట్టెల్లో వస్తుంది. ఖాళీ పెట్టెలు పారేయబుద్ధి కాదు, అడుగున కన్నాలు పొడిచి మొక్కలు పెడతాను. ఇందులో ఒక తమాషా ఉంది. ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, లేకపోతే పాడవుతుంది. బేసిల్‌కి సరిగ్గా ఆ చల్లదనమే పడదు. పది పన్నెండు డిగ్రీల కంటే కిందికి దిగితే ఆకు నల్లబడటం మొదలుపెడుతుంది. కూరగాయలన్నిటితో పాటు దాన్నీ ఫ్రిజ్ అరలో సర్దితే జరిగేది అదే. అందుకే కోసిన ఆకుని ఫ్రిజ్‌లో పెట్టకండి. కొత్తిమీర కట్టలా గ్లాసు నీళ్లలో నిలబెట్టి వంటింటి గట్టు మీద ఉంచండి. అంతకంటే మంచిది, నూరే ముందు కోసుకోవడం.

పెస్టో ఇటలీలో లిగూరియా తీరం వంట, జెనోవా దాని సొంత ఊరు. బేసిల్, పైన్ గింజలు, వెల్లుల్లి, కల్లుప్పు, పార్మిజానో, పెకోరినో అనే రెండు గట్టి చీజ్‌లు, ఆలివ్ నూనె. అంతే. పొయ్యి వెలిగించే పని లేదు. అక్కడి బేసిల్‌కి 2005లో యూరప్ వాళ్ల ప్రాంతీయ గుర్తింపు కూడా వచ్చింది, మన జీఐ ట్యాగ్ లాంటిది. జెనోవా పక్కన ప్రా అనే చోట గ్రీన్‌హౌసుల్లో పెంచి, మొక్క ఇంకా చిన్నగా లేతగా ఉండగానే వేళ్లతో సహా పీకి కట్టలు కడతారు. మనం వంట వీడియోల్లో చూసే అరచేతంత ఆకులు వాళ్లు పెస్టోలో వేయరు.

ఇక్కడ సబ్జా సంగతి చెప్పాలి. ఎండాకాలం షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలు కూడా ఈ జాతివే. కిరాణా షాపు సబ్జా తెచ్చి మట్టిలో చల్లితే మొలుస్తుంది, నేను చల్లి చూశాను. మొక్క ఏపుగా పెరిగింది, కానీ ఆకు నలిపితే సోంపు వాసన. మన సబ్జా రకాల్లో చాలావాటిలో మిథైల్ చావికాల్ అనే తైలం ఎక్కువ, ఆ సోంపు వాసన దానిదే. జెనోవా రకంలో లినలూల్ ఎక్కువ, దానికి తోడు లవంగం వాసనిచ్చే యూజెనాల్ కొంచెం. మన పూజ తులసి వేరే జాతి, అందులో చాలా మొక్కలకి యూజెనాలే ప్రధానం. కాబట్టి సబ్జా ఆకుతో చేస్తే పచ్చడి వస్తుంది, తినొచ్చు కూడా, కానీ పెస్టో రుచి రాదు. తులసితో చేస్తే ఘాటుకి నాలుక మొద్దుబారుతుంది. ఆన్‌లైన్‌లో జెనోవీస్ అని స్పష్టంగా రాసిన గింజల ప్యాకెట్టే తెప్పించుకోండి, పెద్ద ఖరీదేం కాదు.

తులసి అంటే గుర్తొచ్చింది. మొదటిసారి నూరుతుంటే మా అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. "ఏట్రా ఇది, తులసాకు నూరేస్తన్నావా? మహాపాపంరా!" అంది. ఇది తులసి కాదమ్మా, సబ్జా మొక్క అక్కచెల్లెలు అంటే నమ్మలేదు. నానబెట్టిన బేసిల్ గింజలు గ్లాసులో చూపించాక, చుట్టూ జిగురు కట్టి అచ్చం సబ్జాలాగే ఉబ్బాయి కాబట్టి, అప్పుడు ఒప్పుకుంది. ఒప్పుకున్నా తులసికోట దరిదాపుల్లో ఆ పెట్టెలు పెట్టనివ్వదు.

మా వైపు వానల్లో బేసిల్ వేయడం దండగ. ఆకు మీద మచ్చలొస్తాయి, కింద కాడ కుళ్లుతుంది. వినాయక చవితి దాటి వానలు సన్నగిల్లాక గింజ వేస్తాను. ఎర్రమట్టి, పాతబడ్డ మేక గెత్తం, కాస్త ఇసుక. వారం పది రోజుల్లో మొలకొస్తుంది. పొద్దున్న ఎండ బాగా తగలాలి. అక్టోబరులో తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం పెట్టెలన్నీ వరండాలోకి చేరాలి, ఈ తీరానికి ఆ నెల నమ్మకస్తురాలు కాదు.

మొక్క జానెడు దాటగానే కొస తుంచాలి. జంట ఆకుల పైన తుంచితే ఆ రెండు ఆకుల సందుల్లోంచి రెండు కొమ్మలు వస్తాయి. తుంచకుండా వదిలేస్తే నిటారుగా పోయి కంకి వేస్తుంది. కంకి వేశాక ఆకు ముదురుతుంది, వాసన మారి చేదు తగులుతుంది. పెస్టో ఆకు కంకికి ముందే కోయాలి. నన్నడిగితే ఆలివ్ నూనె ఏ కంపెనీదన్న చర్చ కన్నా ఈ ఒక్క విషయం పదింతలు ముఖ్యం. ఇంటర్నెట్‌లో పెస్టో గురించి రాసేవాళ్లు నూనెకి రెండు పేరాలు, చీజ్‌కి మూడు పేరాలు ఇచ్చి, ఆకు దగ్గరికొచ్చేసరికి "రెండు కప్పులు" అని వదిలేస్తారు. ఏ వయసు ఆకు, ఎప్పుడు కోసిన ఆకు అన్న ప్రశ్నే ఉండదు.

ఇక నూరడం. మా తాత ఆయుర్వేద వైద్యం చేసేవారు. ఆయన నల్లరాతి కల్వం ఇప్పటికీ ఇంట్లో ఉంది, పెస్టోకి కొలిచి చేయించినట్టుంటుంది. అమ్మాయి అందులోనే నూరదామంది. వద్దన్నాను. తాత అందులో పాదరసం, గంధకం కలిపి నూరేవారు. అలాంటి కల్వాన్ని ఎంత కడిగినా తిండికి వాడకూడదు. మీ ఇళ్లలోనూ పాత వైద్యుల కల్వాలుంటే అల్మరాలో అలంకారానికి పెట్టుకోండి, పచ్చడికి వద్దు. మేం వాడేది అమ్మ చిన్న రోలు. జెనోవాలో పాలరాతి రోలు, చెక్క పచ్చడిబండ వాడతారు. మాకూ చెక్క బండే ఉంది కాబట్టి సగం జెనోవా వచ్చేసినట్టే.

మాకు సరిపడే కొలత ఇది: కాడలు తీసేసిన లేత ఆకు 60 గ్రాములు, పైన్ గింజల బదులు జీడిపప్పు ముక్కలు 25 గ్రాములు, తురిమిన చీజ్ 40 గ్రాములు, నూనె 60 మిల్లీలీటర్లు, చిన్న వెల్లుల్లి రెబ్బ ఒకటి, కల్లుప్పు చిటికెడు. చీజ్‌లోనే ఉప్పుంటుంది, చెయ్యి జాగ్రత్త. నలుగురు తినే పాస్తాకి ఇది చాలు.

ఆకు కడిగాక పాత నూలు పంచె మీద పరిచి పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉంటే నూనె కలవదు, ముద్ద నీరుగారుతుంది. ముందు వెల్లుల్లి, నాలుగు ఉప్పు గళ్లు వేసి మెత్తగా చేయాలి. తర్వాత పప్పులు. తర్వాత ఆకు గుప్పెడు గుప్పెడుగా, మిగతా ఉప్పుతో. ఆకుని దంచకూడదు, బండని రోలు గోడకి ఆనించి తిప్పుతూ నలపాలి. ఉప్పు గళ్లు ఆకుని చింపుతాయి, మన బలం పెద్దగా అక్కర్లేదు. ముద్ద అయ్యాక చీజ్, అన్నిటికన్నా చివర నూనె సన్నగా పోస్తూ కలపడం.

త్వరగా చేయమని ఎందుకంటారంటే, ఆకు నలిగిన క్షణం నుంచి దానిలోని ఒక ఎంజైమ్ గాలితో కలిసి రంగుని గోధుమగా మారుస్తుంది. కోసిన వంకాయ నల్లబడేది కూడా అందుకే. నూనె పడితే గాలి తగలడం తగ్గుతుంది. హోటళ్లలో రోజంతా పచ్చగా ఉండటానికి ఆకుని మరిగే నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి ఐసు నీళ్లలో వేస్తారు, ఆ వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. రంగు నిలుస్తుంది గానీ పచ్చి వాసన కొంత పోతుంది. ఇంట్లో చేసుకుని గంటలో తినేదానికి ఆ హంగామా ఎందుకు?

మిక్సీ వాడితే తప్పేం లేదు. మా ఆవిడ మిక్సీలోనే చేస్తుంది. గిన్నె, బ్లేడు అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయాలి, ఆపి ఆపి తిప్పాలి, బరకగా ఉండగానే ఆపేయాలి. నూనె మాత్రం మిక్సీలో పోయదు, బయటికి తీశాక చెంచాతో కలుపుతుంది. బ్లేడు వేగానికి ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె చేదెక్కుతుందంటారు.

ఇప్పుడు అసలు కష్టం, అది తెలుగువాళ్ల చేతికి సంబంధించినది. రోట్లో పచ్చని ముద్ద కనబడగానే మనకి పోపు వేయాలనిపిస్తుంది. అమ్మ మొదటి మాటే "పోపు ఏదిరా?" రెండో మాట "చింతపండు వెయ్యలేదా?" మూడోది "మిరపకాయ?" మా ఆవిడైతే ఆకుని ఒక్క నిమిషం మూకుట్లో వేయిస్తే పచ్చివాసన పోతుంది కదండీ అంది. ఆ పచ్చివాసన కోసమే ఇదంతా అంటే ఇద్దరికీ ఎక్కలేదు.

ఎక్కింది పక్కింటి మావుసీకి, అంటే ఒడియాలో పిన్నికి. ఆవిడ ఒడియా ఆవిడ, గోడ మీంచి చూసి ఒక చెంచా చేతిలో వేయించుకుని నాకి, వెంటనే అంది, "ఇది బడిచూర లాంటిది కదా." నిజమే. ఒడియా ఇళ్లలో ఎండిన మినప వడియాలు వేయించి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిపాయతో కలిపి నలిపి, పైన పచ్చి ఆవనూనె పోసి పఖాళలో నంజుకుంటారు. పఖాళ అంటే మన చద్దన్నమే. వడియాల్ని వేయిస్తారు గానీ నూనెని కాచరు, వెల్లుల్లిని వేయించరు. నూనె అక్కడ వేయించడానికి కాదు, రుచికి. పెస్టోలో ఆలివ్ నూనె చేసే పని కూడా అదే. ఒక పక్క తెలుగు ఊరు పాతపట్నం, ఇంకో పక్క ఒడియా వంటిళ్లు ఉన్న ఊళ్లో పుట్టడం వల్ల నాకు ఇటలీ వంట ఆవనూనె ద్వారా అర్థమైంది. మావుసీ తర్వాత వాళ్ల శిల (సన్నికల్లు) మీద బేసిల్‌ని ఆవనూనెతో నూరి మాకు పంపింది. పెస్టో అనలేం, కానీ చద్దన్నంలోకి మహా రుచిగా ఉంది.

పప్పుల దగ్గర మాత్రం నేను జెనోవా మాట వినను. పైన్ గింజలు మన దేశంలో చిల్గోజా పేరుతో దొరుకుతాయి, హిమాచల్ కిన్నౌర్ వైపు నుంచి వస్తాయి. అది కూడా వేరే రకం పైన్, ధర బాదం, జీడిపప్పుల కన్నా చాలా ఎక్కువ. జీడిపప్పుకి పేరున్న పలాస ఇంత దగ్గర పెట్టుకుని అవెందుకు? పలాస-కాశీబుగ్గలో బద్దలు, ముక్కలు గుండు పప్పు కన్నా బాగా చవక, ఎలాగూ నూరేదే కదా. జీడిపప్పులో పిండి పాళ్లు ఎక్కువ కాబట్టి కొంచెం తక్కువ వేయాలి, లేకపోతే ముద్ద తియ్యగా, బరువుగా అయిపోతుంది. వేయించకుండా పచ్చిదే వేయండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు ఎలా కూలిపోయాయో ఈ చుట్టుపక్కల వాళ్లెవరూ మర్చిపోలేదు. జీడి చెట్టు ఒక్క ఏడాదిలో కాపుకి వచ్చేది కాదు. మా గజపతి జిల్లాకీ దెబ్బ గట్టిగానే తగిలింది. బయటినుంచి గింజలు తెప్పించుకునే బదులు ఆ డబ్బు పలాసకి పోతే నాకు తృప్తి.

ఆలివ్ నూనె విషయంలో మందుల షాపు వాడిగా ఒక మాట. చిన్న ఊళ్లలో ఆలివ్ నూనె కిరాణాలో కన్నా మందుల షాపులోనే ముందు దొరుకుతుంది, పసిపిల్లలకి రాయడానికి చిన్న సీసాల్లో. అది పెస్టోకి కొనకండి. సీసా వెనక్కి తిప్పి చూడండి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు ఉంటేనే తినే నూనె. దాంట్లో కూడా పోమేస్ అని రాసుంటే పిప్పి నుంచి తీసి శుద్ధి చేసినది, దానికి వాసనుండదు. ఎక్స్‌ట్రా వర్జిన్ అని ఉండాలి. నువ్వుల నూనెతో ప్రయత్నించాం, బేసిల్ వాసన ఎక్కడా మిగలదు.

చీజ్ అమ్మాయి తెస్తుంది. గట్టి చీజ్‌లో తడి తక్కువ, నెలల తరబడి మాగబెట్టినది, కాబట్టి బట్టలో చుట్టి సంచిలో వేసుకుని భువనేశ్వర్ నుంచి మా ఊరి మీదుగా పోయే గుణుపురం రైలెక్కితే ఏమీ కాదు. కానీ శాకాహారులు ఒకటి గమనించాలి. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మిజానోలో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. మన దేశంలో తయారయ్యే ఆ తరహా చీజ్‌ల మీద మైక్రోబియల్ రెన్నెట్ (సూక్ష్మజీవుల నుంచి తీసినది) అనో, ఆకుపచ్చ చుక్కో ఉంటుంది. మా ఇంట్లో అమ్మ ఉంది కాబట్టి చుక్క చూడందే కొనం. చీజ్ దొరకకపోతే ఛెనా (విరిగిన పాల ముద్ద), పనీర్ వేయొచ్చా అని అడుగుతారు. వద్దు. తడి ఎక్కువ, ఉప్పు లేదు, మాగిన రుచి లేదు. దానికన్నా చీజ్ మానేసి పప్పులు, ఉప్పు కాస్త పెంచుకోండి.

మా బేసిల్ బాగా చేతికొచ్చేది సరిగ్గా కార్తీకంలో. మావుసీ ఇంట్లో ఆ నెలంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టరు, మా అమ్మ కూడా అంతే. అందుకని ఆ నెలలో వెల్లుల్లి లేకుండా చేస్తాం. ఇదేదో రాజీ అనుకోకండి, ఇటలీలో కూడా వెల్లుల్లి లేని పెస్టో సీసాలు అమ్ముతారు. నాకైతే లేత ఆకు ఉన్నప్పుడు వెల్లుల్లి లేనిదే బాగుంటుంది. ఇంగువ వేద్దామని మాత్రం ఎవరూ అనొద్దు, అన్నారు కూడా, నేను డబ్బా దాచేశాను.

పాస్తా ఉడికించిన నీళ్లు ఒక గరిటెడు ఆపుకుని, పొయ్యి కట్టేశాక, వేరే గిన్నెలో పెస్టోని ఆ నీళ్లతో పలచన చేసి పాస్తా కలపాలి. పెస్టోని పొయ్యి మీద పెట్టడం మాత్రం కుదరదు, చీజ్ ముద్దకట్టి, ఆకు ఉడికిన పాలకూర వాసన వేస్తుంది. జెనోవా వాళ్లు అదే గిన్నెలో బంగాళాదుంప ముక్కలు, బీన్స్ కూడా పాస్తాతో పాటు ఉడికిస్తారు. ఇది మనవాళ్లందరికీ నచ్చుతుంది. ఇక్కడ దొరికే మామూలు మకరోనీతో చేసినా బాగానే ఉంటుంది. 2007 నుంచి జెనోవాలో రోలు, బండతోనే పెస్టో పోటీలు పెడుతున్నారు. మా అమ్మని పంపితే నూరడంలో గెలుస్తుంది, కాకపోతే ఎవరూ చూడకుండా ఒక పచ్చిమిరపకాయ వేసేస్తుంది. ఇంట్లో అలాగే చేస్తుంది, వేడన్నంలో కలుపుకుని తింటుంది, "కారం పడ్డాక తిండిలా ఉంది" అంటుంది.

నిలవ గురించి కచ్చితంగా ఉండండి. మన ఆవకాయలా ఇది నెలల తరబడి ఉండేది కాదు. పులుపు లేదు, ఉప్పు తక్కువ, పైన నూనె పొర గాలి తగలనివ్వదు. పచ్చి వెల్లుల్లి నూనెలో మునిగి బయట ఉంటే బొట్యులినమ్ బాక్టీరియా విషం తయారుచేసే ప్రమాదం ఉంది. అది వాసన బట్టి, రుచి బట్టి తెలియదు. కాబట్టి చేసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తినేయండి. పండగలకి ఊరెళ్తూ సీసాలో వేసి బంధువులకి పట్టుకెళ్లే రకం కాదు ఇది. ఇంకో సంగతి, వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లు ఆకుకూరల పాళ్లు ఒక్కసారిగా పెంచకూడదు, పెస్టోకీ అదే వర్తిస్తుంది.

ఎక్కువ రోజులకి కావాలంటే ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించి, ముక్కలు తీసి డబ్బాలో వేసి ఫ్రీజర్‌లోనే ఉంచాలి. అలా దాచేదాంట్లో చీజ్ వేయం, కరిగాక కలుపుకుంటే రుచి బాగుంటుంది. కార్తీకంలో చేసిన ముక్కల డబ్బా మీద వెల్లుల్లి లేదని మందుల స్ట్రిప్పు మీద రాసే మార్కరుతో రాసిపెడతాను. మావుసీ అడిగితే ఇచ్చేది ఆ డబ్బాలోంచే.